యూకేలో టూరిజం, హాస్పిటాలిటీ మాస్టర్స్: డిసర్టేషన్ గురించి కొత్తగా వచ్చినవారికి

సెప్టెంబర్‌లో యూకేలో దిగినవాళ్లకు మొదటి రెండు నెలలూ రూమ్, బ్యాంక్ అకౌంట్, పార్ట్‌టైమ్ జాబ్ వెతుకులాటలోనే గడిచిపోతాయి. డిసర్టేషన్, అంటే కోర్సు చివర్లో సొంతంగా పరిశోధన చేసి రాసే పెద్ద వ్యాసం, వేసవిలో కదా, అప్పుడు చూద్దాంలే అనుకుంటారు. కానీ మాస్టర్స్ మొత్తం 180 క్రెడిట్లయితే, చాలా యూనివర్సిటీల్లో అందులో 60 దాకా ఈ ఒక్కదానికే ఉంటాయి. పన్నెండు నుంచి పదిహేను వేల పదాలు, మూడు నాలుగు నెలల సమయం, ఒక సూపర్‌వైజర్. కొన్నిచోట్ల దీనికి బదులు ఏదైనా హోటల్‌కో టూరిజం సంస్థకో కన్సల్టెన్సీ ప్రాజెక్ట్ చేసే వీలుంటుంది. పేరు వేరైనా పని దాదాపు ఇదే.

మన దగ్గర నలుగురు కలిసి ఒక బ్యాచ్‌గా చేసి, బైండింగ్ చేయించి, గైడ్ సంతకం పెట్టించుకున్న ప్రాజెక్టును గుర్తు తెచ్చుకోకండి. ఇక్కడ ఎవరిది వాళ్లదే. టాపిక్ ఎవరూ ఇవ్వరు. ఏటా జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో "అన్నా, మంచి టాపిక్ ఏదైనా ఉంటే చెప్పు" అనే మెసేజ్‌లు మొదలవుతాయి. అడగడం తప్పు కాదు గానీ, ఆ ప్రశ్నకు జవాబు గ్రూపులో దొరకదు. మీకు ఎవరు మాట్లాడటానికి దొరుకుతారు, ఏ సమాచారం చేతికి అందుతుంది అన్నదాన్ని బట్టి టాపిక్ తేలుతుంది. నా ఉద్దేశంలో డిసర్టేషన్‌లో సగం గెలుపోటములు ఇక్కడే తేలిపోతాయి.

"ఐదు నక్షత్రాల హోటళ్ల మార్కెటింగ్ వ్యూహాలు" అని రాసుకుంటే వినడానికి ఘనంగా ఉంటుంది. తీరా జూన్‌లో ఆ హోటళ్ల మార్కెటింగ్ మేనేజర్లకు మెయిళ్లు పెడితే ఒక్కరూ పలకరు. అదే మీరు వారాంతాల్లో రెస్టారెంట్‌లో ఫ్లోర్ మీద పనిచేస్తుంటే, మీ పక్కనే పది మంది వెయిటర్లు ఉంటారు. ఉద్యోగుల మధ్య టిప్స్ న్యాయంగా పంచాలనే చట్టం 2024 అక్టోబర్ 1 నుంచి ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌లలో అమల్లో ఉంది. మీ ఊళ్లోని చిన్న రెస్టారెంట్లలో అది నిజంగా ఎలా నడుస్తోంది? వెయిటర్లకు ఎంత, కిచెన్‌కు ఎంత, ఎవరు తేలుస్తున్నారు? ఇది చిన్న ప్రశ్నే, కానీ మీరు జవాబు వెతకగల ప్రశ్న.

ఊరిని బట్టి కూడా టాపిక్‌లు దొరుకుతాయి. మాంచెస్టర్‌లో 2023 ఏప్రిల్ 1 నుంచి నగర మధ్యలోని హోటళ్లలో బస చేసేవారి మీద రూముకు రాత్రికి ఒక పౌండ్ చొప్పున ఛార్జీ ఉంది. ఎడిన్‌బరాలో 2026 జూలై 24 నుంచి జరిగే బసలకు 5 శాతం విజిటర్ లెవీ (బస చేసే సందర్శకుల మీద పన్ను) వేయాలని కౌన్సిల్ నిర్ణయించింది. అది కూడా వరుసగా మొదటి ఐదు రాత్రులకే. చిన్న గెస్ట్‌హౌస్‌లు నడిపేవాళ్లు దీన్ని ఎలా చూస్తున్నారు, అతిథులకు ఏమని చెబుతున్నారు అన్నది అక్కడ చదివేవాళ్లకు చేతికందే విషయం. లివర్‌పూల్‌లో ఉంటే, 2021లో ఆ నగరం ప్రపంచ వారసత్వ హోదా పోగొట్టుకున్న సంగతి ఉండనే ఉంది.

సరిగ్గా ఆ ఏడాదే మన రామప్ప గుడికి ఆ హోదా వచ్చింది, భూదాన్ పోచంపల్లి ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేరింది. సొంత ప్రాంతం మీద చేస్తే తక్కువగా చూస్తారేమో అని కొందరు వెనక్కి తగ్గుతారు. అలాంటిదేమీ లేదు. పైగా అక్కడి నేత కుటుంబాలతోనో గైడ్‌లతోనో తెలుగులో మాట్లాడగలగడం మీ క్లాసులో ఎక్కువమందికి లేని వీలు. ఇంటర్వ్యూలు తెలుగులో చేసి, మీరే ఇంగ్లీషులోకి మార్చి, ఆ మార్చిన తీరును మెథడాలజీ అధ్యాయంలో, అంటే పరిశోధన ఎలా చేశారో వివరించే చోట, చెప్పాలి. వీడియో కాల్‌లో చేస్తే పని సులువు. ఊరెళ్లి చేద్దామనుకుంటే మాత్రం టికెట్ కొనడానికి ముందే సూపర్‌వైజర్‌తో, వీసా విభాగంతో మాట్లాడండి. రిస్క్ అసెస్‌మెంట్ ఫారం, హాజరు నిబంధనలు అన్నీ మధ్యలో వస్తాయి.

సూపర్‌వైజర్‌తో

పేరు పెట్టి పిలవమంటారు. మొదట్లో నోరు రాదు, తర్వాత అలవాటవుతుంది. సార్, మేడం అన్నా ఎవరూ ఏమీ అనుకోరు గానీ, దాంతోపాటు వచ్చే "మీరేం చెబితే అదే" అనే ధోరణి ఇక్కడ పనిచేయదు. మీరు వెళ్లి "ఏం చేయమంటారు?" అంటే, "మీరేం అనుకుంటున్నారు?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. అది మిమ్మల్ని ఇరుకున పెట్టడానికి కాదు. ఆలోచన మీ నుంచి మొదలవ్వాలని.

మీకు కేటాయించే సమయం తక్కువ. ఎన్ని మీటింగులు, ఎన్ని అధ్యాయాల డ్రాఫ్టులు చదివి చెబుతారు అన్నది మాడ్యూల్ హ్యాండ్‌బుక్‌లో రాసి ఉంటుంది, మొదటి వారమే చదవండి. మీటింగ్‌కి రెండు మూడు రోజుల ముందు ఒకటి రెండు పేజీలు, అడగదలచిన మూడు ప్రశ్నలు పంపండి. ఖాళీ చేతులతో వెళితే అరగంట పిచ్చాపాటీతో అయిపోతుంది. మీటింగ్ అయ్యాక ఏం అనుకున్నారో నాలుగు వాక్యాల్లో మెయిల్ పెట్టండి. నెల తర్వాత ఇద్దరికీ అదే ఆధారం. ఇంకొకటి: జూలై, ఆగస్టుల్లో వాళ్లు సెలవుల మీద వెళతారు, ఆ రెండు మూడు వారాలు మెయిల్‌కు జవాబు రాదు. తేదీలు మే నెలలోనే అడిగి పెట్టుకోండి.

ఆయనో ఆవిడో చెప్పినదానితో మీరు ఏకీభవించకపోతే కారణం చూపించి చెప్పొచ్చు. కోపాలు రావు. చెప్పకుండా తలూపి వచ్చి, వేరేది రాసి ఇస్తేనే ఇబ్బంది.

ఎథిక్స్ అనుమతి

మనవాళ్లు అందరికంటే ఎక్కువగా పట్టించుకోనిది ఇదే. మనుషులను ఇంటర్వ్యూ చేయాలన్నా, సర్వే పంపాలన్నా ముందు యూనివర్సిటీ ఎథిక్స్ అనుమతి, అంటే మీ పరిశోధన వల్ల ఎవరికీ హాని, బలవంతం ఉండవని చూసి ఇచ్చే అనుమతి, రావాలి. అనుమతి రాకముందు సేకరించినది వాడుకోనివ్వరు, అది క్రమశిక్షణ కేసు దాకా కూడా వెళ్లొచ్చు. ఫారంతోపాటు పరిశోధన దేని గురించో వివరించే పత్రం, సమ్మతి పత్రం, ప్రశ్నల జాబితా ఇవ్వాలి. హోటల్‌లో చేస్తుంటే మేనేజర్ నుంచి అనుమతి మెయిల్ కూడా అడుగుతారు. ఇదంతా తేలడానికి వారాలు పడుతుంది, మార్పులు చేయమని వెనక్కి పంపితే ఇంకా పడుతుంది.

మీరు పనిచేసే చోటే చేస్తుంటే ఒక మెలిక ఉంది. మేనేజర్ మంచితనంతో "మన కుర్రాడే, అందరూ మాట్లాడండి" అని చెప్పేస్తే, మీ తోటివాళ్లు ఇష్టం లేకున్నా కూర్చుంటారు. అలాంటి సమ్మతి సమ్మతి కాదు. ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు వద్దన్నారో మేనేజర్‌కు తెలియకుండా చూడాలి. పేర్లు మారిస్తే సరిపోదు: ఉన్న ఊరు, నక్షత్రాలు, "ఎగ్జిక్యూటివ్ హౌస్‌కీపర్" అని హోదా రాస్తే ఆ హోటల్‌లో పనిచేసే ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. రికార్డింగులు ఫోన్‌లో ఉంచుకోకుండా యూనివర్సిటీ ఇచ్చిన వన్‌డ్రైవ్‌లో పెట్టండి.

హోటల్ పనివేళలు తెలిసినవాళ్లకు ఇంటర్వ్యూలు సులువుగా దొరుకుతాయి. శుక్ర, శనివారాల్లో ఎవరినీ అడగొద్దు. మధ్యాహ్నం మూడు గంటలకు చెక్-ఇన్ మొదలవుతుంది కాబట్టి ఫ్రంట్ డెస్క్ వాళ్లు ఆ వేళకు దొరకరు. కిచెన్ వాళ్లకు మాత్రం లంచ్ ముగిసి డిన్నర్ మొదలవకముందు ఆ గంటే కాస్త తీరిక. హౌస్‌కీపింగ్ వాళ్లను షిఫ్ట్ అయ్యాక ఆపకండి, చాలామందికి అక్కడి నుంచి ఇంకో పని ఉంటుంది. సెలవు రోజున కాఫీకి పిలవండి. గంటసేపు మాట్లాడిన రికార్డింగ్‌ను అక్షరాల్లో పెట్టడానికి నాలుగు గంటలు తేలిగ్గా పడుతుంది. టీమ్స్‌లో ఆటోమేటిక్‌గా వచ్చే ట్రాన్స్‌క్రిప్ట్ మన యాసను ఎలా రాస్తుందో చూస్తే నవ్వొస్తుంది, కూర్చుని దిద్దుకోవాల్సిందే.

ఇంటర్వ్యూలకు భయపడి సర్వేకు వెళ్లేవాళ్లు చేసే పని: ఫారం తయారుచేసి ఊళ్లోని తెలుగు గ్రూపులన్నింటిలో వేయడం. నూట ఇరవై జవాబులు వస్తాయి, నూట పదిహేను మనవాళ్లవే. బ్రిటిష్ హోటల్ అతిథుల అభిప్రాయాలు అని వాటికి పేరు పెట్టలేం. విదేశాల్లో చదివే తెలుగు విద్యార్థుల ప్రయాణపు అలవాట్లు అని టాపిక్ మార్చుకుంటే మాత్రం అదే గ్రూపు బంగారం. మీ యూనివర్సిటీ గూగుల్ ఫారమ్స్ ఒప్పుకుంటుందో, క్వాల్ట్రిక్స్ లాంటి సర్వే సాఫ్ట్‌వేర్లే వాడమంటుందో కూడా ముందే కనుక్కోండి. రైల్వే స్టేషన్లు, షాపింగ్ మాల్స్ ముందు నిలబడి జనాన్ని ప్రశ్నలు అడగాలన్నా వాటి యాజమాన్యం అనుమతి కావాలి.

పని గంటలు, డబ్బుకు రాసిపెట్టేవాళ్లు

క్లాసులు అయిపోయాయి కాబట్టి వేసవిలో ఫుల్‌టైమ్ చేసుకోవచ్చని ఎవరో ఒకరు చెబుతారు. మాస్టర్స్ వాళ్లకు డిసర్టేషన్ రాసే వేసవి సాధారణంగా సెలవుల కింద లెక్కకు రాదు. స్టూడెంట్ వీసా మీద పనికి, సోమవారం నుంచి ఆదివారం దాకా వారానికి 20 గంటల పరిమితి అప్పుడూ ఉంటుంది. సీజన్ కదా అని హోటల్ వాళ్లు అదనపు షిఫ్టులు అడుగుతారు. మీ కోర్సు తేదీల మీద యూనివర్సిటీ ఇచ్చే లెటర్ చూపించి కాదని చెప్పండి.

ఆగస్టు వచ్చేసరికి "డిసర్టేషన్ చేసి పెడతాం, డిస్టింక్షన్ గ్యారంటీ" అనే మెసేజ్‌లు వస్తాయి. ఇంగ్లండ్‌లో 2022 చట్టం ప్రకారం అలా డబ్బుకు రాసిపెట్టడం, దానికి ప్రకటన ఇవ్వడం నేరం. రాయించుకున్న విద్యార్థిని యూనివర్సిటీ బయటికి పంపొచ్చు, దాంతో వీసా పోతుంది. ఇంకా డబ్బు ఇవ్వకపోతే యూనివర్సిటీకి చెప్పేస్తామని బెదిరించేవాళ్లూ ఉన్నారు. చాట్‌జీపీటీ లాంటివాటి విషయంలో ఒక్కో యూనివర్సిటీది ఒక్కో నియమం. భాష దిద్దుకోవడానికి వాడారా, ఎక్కడ వాడారు అన్నది ప్రకటించమంటే దాచకుండా రాయండి. ఇతరుల రాతలతో పోలికలు పట్టే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌లో ఇంత శాతం లోపుంటే పాస్ అనే లెక్క ఏదీ లేదు. మార్కర్ చూసేది ఏ వాక్యాలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది.

జ్వరమొచ్చినా, ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోయినా, ఇంటర్వ్యూకి ఒప్పుకున్న హోటల్ చివరి నిమిషంలో కాదన్నా గడువు దాటకముందే పొడిగింపుకు దరఖాస్తు పెట్టండి, ఆధారాలు జత చేయండి. ఆ తర్వాత వీసా తేదీ చూసుకోండి. చదువయ్యాక ఇక్కడే ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాకు యూనివర్సిటీ మీరు కోర్సు పూర్తి చేశారని హోమ్ ఆఫీస్‌కు (వీసాలు చూసే ప్రభుత్వ శాఖకు) తెలియజేయాలి, మీరు స్టూడెంట్ వీసా గడువు ముగిసేలోపు దరఖాస్తు చేయాలి. పొడిగింపు వల్ల ఫలితాలు ఎప్పుడొస్తాయో ఇంటర్నేషనల్ ఆఫీస్‌ను మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో విన్నదాన్ని నమ్ముకోకండి.