మధ్యవర్తి లేకుండా ఆస్తి అమ్మేవారు మోసపోకుండా ఉండాలంటే

మధ్యవర్తి లేకుండా ఇల్లు గానీ స్థలం గానీ అమ్ముకుంటే కమీషన్ మిగులుతుంది, అయితే వచ్చిన మనిషి నిజంగా కొనేవాడా కాదా అని ఆరా తీసే పని కూడా మన మీదే పడుతుంది. ఆస్తిని చూడకుండానే, బేరమాడకుండానే చెప్పిన ధరకు ఒప్పుకుని, తాను విదేశంలో ఉన్నానని, అడ్వాన్సు ఇప్పుడే పంపుతానని తొందరపెట్టే వ్యక్తిని మొదట అనుమానించాలి. కష్టార్జితం పెట్టి కొనేవారు గోడల చెమ్మ తడిమి చూస్తారు, కుళాయి తిప్పి చూస్తారు, హద్దులు అడుగుతారు, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని మళ్లీ వస్తారు.

అనుకున్నదానికంటే ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, పొరపాటు జరిగిందని, అదనంగా వచ్చిన సొమ్మును వెంటనే తిప్పి పంపమని బతిమాలడం పాత ఎత్తుగడే అయినా ఇప్పటికీ సాగుతోంది. ఖాతాలో అంకె కనిపించినంత మాత్రాన ఆ డబ్బు మనది కాదు. చెక్కు పూర్తిగా వసూలు కాకముందే సొమ్ము చూపించే బ్యాంకులు ఉన్నాయి. చెక్కు నకిలీదని తేలాక ఆ జమను రద్దు చేస్తాయి, మనం పంపిన డబ్బు మాత్రం అప్పటికే చేయిదాటిపోయి ఉంటుంది. అలాగే డబ్బు జమ అయిందని ఫోనుకు వచ్చే సందేశాన్ని, అవతలివారు పంపే స్క్రీన్‌షాట్‌ను నమ్మకుండా, ఖాతా మీరే తెరిచి చూసుకోండి. డబ్బు పుచ్చుకోవడానికి ఓటీపీ చెప్పాలని ఎవరైనా అంటే ఆ బేరం అక్కడితో ఆపేయండి.

నా దృష్టిలో వీటన్నిటికంటే ప్రమాదకరమైనది అగ్రిమెంటు. కొద్దిపాటి అడ్వాన్సు ఇచ్చి, గడువు లేని అగ్రిమెంటు రాయించుకుని, ఆ కాగితం చూపించి ఎక్కువ ధరకు మరొకరిని వెతికేవారు ఉన్నారు. మనం వేరేవారికి అమ్మబోతే దావా వేస్తామని బెదిరించి డబ్బు గుంజుతారు. అందుకే మిగతా సొమ్ము ఏ తేదీలోగా కట్టాలో, గడువు దాటితే ఒప్పందం, అడ్వాన్సు ఏమవుతాయో, కొనుగోలుదారు తన హక్కును ఇంకొకరికి బదిలీ చేయవచ్చో లేదో స్పష్టంగా రాయించాలి. ఆ ముసాయిదాను మీరు ఎంచుకున్న న్యాయవాదికి చూపించాలి, అవతలివారు తెచ్చిన న్యాయవాదికి కాదు. ఖాళీ కాగితం మీద సంతకం, పరిచయం లేని మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ (మన తరఫున సంతకం చేసే అధికారం) అసలే వద్దు.

ఒరిజినల్ దస్తావేజులను ఎదురుగా కూర్చుని చూపించండి, కానీ చేతికిచ్చి పంపకండి. జిరాక్స్ ఇవ్వవలసివస్తే ఎవరికి, ఏ పనికి, ఏ తేదీన ఇచ్చారో అక్షరాల మీదుగా అడ్డంగా రాసి ఇవ్వండి. లోను కోసం ఒరిజినల్స్ కావాలని అంటే మీరే బ్యాంకుకు వెళ్లి చూపించండి.

విక్రయ దస్తావేజులో పూర్తి సొమ్ము ముట్టిందని రాసి ఉంటుంది కాబట్టి, చివరి రూపాయి ఖాతాలో పడిందని బ్యాంకు నుంచి నిర్ధారించుకున్నాకే సంతకం చేసి తాళాలు అప్పగించండి.