పబ్‌లో క్రాఫ్ట్ బీర్ టేస్టింగ్ సాయంత్రం: బెంగళూరులో నడిపేవాళ్లకు వివరంగా

ఇందిరానగర్‌లో టాయిట్ 2010లో, బ్రిగేడ్ రోడ్డు దగ్గర ఆర్బర్ 2012లో మొదలయ్యాక బెంగళూరు నలుమూలలా బ్రూపబ్‌లు, అంటే బీరు అక్కడే కాచి పోసే పబ్‌లు, వచ్చేశాయి. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, సర్జాపూర్ రోడ్డు వైపు ఉండే తెలుగువాళ్లకు ఇంటికి దగ్గర్లో ఒకటైనా ఉంటుంది. కానీ వెళ్లిన ప్రతిసారీ అదే వీట్ బీర్ పిచర్ చెప్పి, అదే తాగి వచ్చేవాళ్లే ఎక్కువ. రెండు బీర్లను పక్కపక్కన పెట్టుకుని కొంచెం కొంచెం రుచి చూస్తే తప్ప దేనిలో ఏముందో తెలియదు. ఆఫీసు బృందమైనా అపార్ట్‌మెంట్ స్నేహితులైనా ఓ పన్నెండుమంది కలిస్తే ఈ పని చక్కగా చేయొచ్చు. బీరు తక్కువ పోయాలి, మిగతా ఏర్పాట్లన్నీ జాగ్రత్తగా చూసుకోవాలి.

పబ్‌తో ముందు మాట్లాడుకోవాల్సినవి

మంగళ, బుధవారాల్లో సాయంత్రం 6:30 నుంచి 9 దాకా పెట్టుకోండి. శుక్ర, శనివారాల్లో సిబ్బందికి ఊపిరి సలపదు, పాటల హోరులో పక్కవాళ్ల మాట వినపడదు. ఐపీఎల్ రోజులైతే ఆర్‌సీబీ మ్యాచ్ ఉందేమో చూసుకుని తేదీ ఖాయం చేయండి. అక్టోబర్ 2, ఎన్నికల ముందు రోజులు ఎలాగూ డ్రై డేలే.

టేబుల్ ఎక్కడ వేస్తారన్నది చాలా ముఖ్యం. తందూర్ పొగ వచ్చే చోటు, సిగరెట్లు కాల్చే టెర్రస్, రూమ్ ఫ్రెష్‌నర్ కొట్టిన ఏసీ గది మూడూ పనికిరావు. రంగు చూడాలి కాబట్టి ఎర్ర, నీలం లైట్లు కాకుండా మామూలు తెల్ల లైటు ఉన్న మూల అడగండి. లేకపోతే టేబుల్ మీద తెల్ల కాగితం పరిచి ఫోన్ లైటుతో సరిపెట్టుకోవచ్చు.

హెడ్ బ్రూవర్‌ను రెండు ప్రశ్నలు అడగాలి. ఆ వారం ట్యాంకుల్లో ఏవేం ఉంటాయి, బీర్ లైన్లు, అంటే ట్యాంకు నుంచి ట్యాప్‌కు బీరు తెచ్చే గొట్టాలు, ఎప్పుడు కడిగారు. రెండు వారాలకోసారి కాస్టిక్‌తో కడగడం మంచి పద్ధతి. ఈ ప్రశ్నకు తడబడే చోట టేస్టింగ్ పెట్టకండి. ఒక పావుగంట మీ టేబుల్ దగ్గరకు వచ్చి మాట్లాడమని కూడా అడగండి. తన బీరు గురించి శ్రద్ధగా వినేవాళ్లున్నారంటే బ్రూవర్లు సాధారణంగా సంతోషంగా వస్తారు.

పన్నులు, సర్వీస్ చార్జీ, తినడానికి పెట్టేవి అన్నీ కలిపి తలకి ఎంతో మెసేజ్‌లోనైనా రాయించుకోండి. బీరంతా పబ్ బిల్లులోనే ఉండాలి. లైసెన్సు వాళ్లది కాబట్టి బయటి సీసాలు గానీ, ఇంట్లో కాచింది గానీ తెస్తామనేవాళ్లకు వద్దని చెప్పండి. 21 నిండనివాళ్లకు పబ్‌లో పోయరు, ఐడీ అడుగుతారు. ఆ మాట పిలిచినప్పుడే చెబితే గేటు దగ్గర ఇబ్బంది ఉండదు.

ఎంతమందికి ఎంత

పన్నెండుమంది సరైన సంఖ్య, పదహారు దాటితే రెండు గుంపులై ఎవరి కబుర్లు వాళ్లవి అయిపోతాయి. బీర్లు ఆరు చాలు. ఏడోది పోసేసరికి నాలుక మొద్దుబారి ఉంటుంది, డబ్బు దండగ.

ఒక్కో బీరు మనిషికి 100 మి.లీ. పన్నెండుమందికి ఒక్కో బీరు 1.2 లీటర్లు, ఆరూ కలిపి 7.2 లీటర్లు. నురగకు, ఒలికిపోయేదానికి మరో 15 శాతం వేసుకుంటే 8.3 లీటర్లు అవుతుంది. ఏదైనా బీరు సీసాల్లో వస్తే 330 మి.లీ. సీసాకు మూడు పోతలు లెక్క. పన్నెండుమందికి నాలుగు సీసాలు, పాడైనది తగిలితే వాడుకోవడానికి ఇంకొకటి.

మనిషికి మొత్తం 600 మి.లీ., అంటే 650 మి.లీ. పెద్ద సీసా కన్నా కొంచెం తక్కువ. సగటున 5 శాతం అనుకుంటే అందులో శుద్ధ ఆల్కహాల్ 30 మి.లీ. ఉంటుంది. ఇంతేగా అని బండి తీయడానికి లేదు. చట్టం ఒప్పుకునే హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మాత్రమే, ఈ మోతాదుకే చాలామంది దాన్ని దాటిపోతారు. అందుకే అందరూ మెట్రోలోనో క్యాబ్‌లోనో రావాలని పిలుపులోనే రాయండి. ఇందిరానగర్ నుంచి వైట్‌ఫీల్డ్ దాకా పర్పుల్ లైన్ ఉంది కాబట్టి ఆ దారి పబ్ ఎంచుకుంటే ఈ సమస్య సగం తీరిపోతుంది.

గ్లాసులు

ఎక్కువ టేస్టింగ్‌లు చెడిపోయేది ఇక్కడే. 180 నుంచి 200 మి.లీ. పట్టే గ్లాసులో 100 మి.లీ. పోస్తే నురగకు, వాసన నిలవడానికి పైన చోటు ఉంటుంది. మూతి కాస్త లోపలికి వంగి ఉంటే ఇంకా మంచిది. షాట్ గ్లాసుల్లో అంచుదాకా పోసిస్తే ముక్కుకు ఏమీ అందదు. మనిషికి మూడు గ్లాసులు, అంటే 36 సిద్ధం చేయించండి. మూడు బీర్లయ్యాక విరామంలో కడిగించి మళ్లీ వాడుకోవచ్చు.

గ్లాసు కంటికి మెరుస్తున్నంత మాత్రాన శుభ్రంగా ఉన్నట్టు కాదు. లిప్‌స్టిక్, వేపుడు నూనె, నిమ్మవాసన సబ్బు ఏ కొంచెం మిగిలినా నురగ నిమిషంలో చచ్చిపోతుంది. లోపలంతా తడిపి ఉప్పు చల్లి చూడండి. శుభ్రమైన గ్లాసుకు ఉప్పు అన్ని వైపులా సమంగా అంటుకుంటుంది, జిడ్డు ఉన్నచోట రాలిపోతుంది. బీరు పోశాక గోడలకు బుడగలు గుంపుగా అతుక్కుని కనిపించినా అదే దోషం. గుడ్డతో తుడవకుండా జాలీ మీద బోర్లించి ఆరనివ్వమని చెప్పండి, వంటింటి గుడ్డ వాసన గ్లాసుకు పట్టేస్తుంది.

ఫ్రీజర్‌లో పెట్టిన గ్లాసులు మాత్రం వద్దే వద్దు. వేసవిలో సిబ్బంది మర్యాద కొద్దీ వాటినే తెస్తారు. లోపలి మంచు కరిగి బీరు పలచబడుతుంది, చలికి నాలుక మొద్దుబారుతుంది.

100 మి.లీ. ఎంతో బార్‌లో కంటి అంచనాకు వదిలేయకండి. ఒక గ్లాసులో కొలిచి నీళ్లు పోసి, ఆ మట్టానికి బయట టేప్ అంటించి పోసేవాళ్ల ముందు పెట్టండి. గ్లాసును 45 డిగ్రీలు వంచి మొదలుపెట్టి, సగం నిండాక నిటారుగా చేసి పోస్తే పైన వేలెడు నురగ వస్తుంది. చాలాసేపు వాడని ట్యాప్ నుంచి వచ్చే మొదటి గ్లాసెడు నురగే, అది పారబోయాల్సిందే.

ఏది ముందు, ఏది వెనక

తేలికైనవి ముందు, చేదు, మాడు రుచి, మత్తు ఎక్కువున్నవి వెనక. నమ్మకంగా నడిచే వరుస ఇది: పిల్స్‌నర్ లేదా బ్లాండ్ (లేత రంగు తేలిక బీర్లు), బెల్జియన్ విట్, హెఫెవైజెన్, విరామం, యాంబర్ లేదా రెడ్ ఏల్ (ఎర్రటి బీరు), డ్రై స్టౌట్ (తీపి లేని నల్ల బీరు), ఐపీఏ (చేదు ఎక్కువుండే ఇండియా పేల్ ఏల్). నల్లగా ఉంది కదా అని స్టౌట్‌ను చివరికి నెడతారు. 5 శాతం లోపు డ్రై స్టౌట్ తాగడానికి తేలికే, ఐపీఏ చేదు మాత్రం నాలుకను పట్టుకుని వదలదు. అందుకే ఐపీఏ చివర. స్టౌట్ తియ్యగా చిక్కగా 7 శాతం దగ్గర ఉంటేనే దాన్ని ఆఖరికి పెట్టండి. మామిడి బీరు దొరికే కాలమైతే హెఫెవైజెన్ బదులు దాన్ని పెట్టకండి, విరామంలో సరదాగా విడిగా పోయించండి. దాని తీపి తర్వాతి బీరును చప్పగా చేస్తుంది.

విట్, హెఫెవైజెన్ జంటను మాత్రం వదులుకోవద్దు. రెండూ గోధుమ బీర్లే, రెండూ మసకగా లేత పసుపులో ఉంటాయి. ఒకేసారి పోసి పక్కపక్కన పెట్టండి. విట్‌లో ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేసి కాస్తారు. హెఫెవైజెన్‌లో అరటిపండు, లవంగం వాసనలు గుప్పుమంటాయి గానీ ఆ రెండూ ఎవరూ వేసినవి కావు, అదంతా ఈస్ట్ చేసే పని. ఈ ఒక్క సంగతి గ్లాసులోనే తెలిసిపోతే వచ్చినవాళ్లు ఆ తర్వాత ప్రతి బీరునూ శ్రద్ధగా వాసన చూస్తారు.

దీనికోసం చిన్న స్టీలు గిన్నెల్లో నాలుగు లవంగాలు, నలిపిన ధనియాలు, అప్పుడే ఒలిచిన నారింజ తొక్క, బాగా మగ్గిన అరటిపండు ముక్క పెట్టి మూతలు వేయండి. బ్రూవర్‌ను అడిగి గుప్పెడు లేత మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), గుప్పెడు మాడ్చిన మాల్టు, కొన్ని హాప్ గుళికలు (బీరుకు చేదునిచ్చే హాప్ పూలను పొడి చేసి అద్దినవి) తెప్పించండి. మాడ్చిన మాల్టు నాలుగు గింజలు నమిలితే స్టౌట్‌లో కాఫీ రుచి ఎక్కడిదో తెలుస్తుంది. హాప్ గుళికను అరచేతుల మధ్య నలిపి వాసన చూడాలి, నోట్లో వేసుకోకూడదు. ఆ చేదు అరగంట పోదు. గుళికలు బయటకు తీసేది ఐపీఏ వంతు వచ్చినప్పుడే, నలిపిన చేతులు కడుక్కోకపోతే తర్వాత అన్ని గ్లాసులూ అదే వాసన కొడతాయి.

చల్లదనం

బ్రూపబ్ ట్యాంకులన్నీ దాదాపు ఒకే చలిలో, 2 నుంచి 4 డిగ్రీల్లో ఉంటాయి. పిల్స్‌నర్‌కు 5, గోధుమ బీర్లకు 6 నుంచి 8, ఐపీఏకు 8 నుంచి 10, స్టౌట్‌కు 10 నుంచి 12 డిగ్రీలు బాగుంటాయి. మొదటివి రాగానే పోసేయొచ్చు. స్టౌట్, ఐపీఏలను పోసిన వెంటనే తాగనివ్వకుండా పదినిమిషాలు ఆపండి, చేత్తో గ్లాసు పట్టుకుంటే ఇంకా త్వరగా వేడెక్కుతుంది. పిచర్‌లో పోయించి పక్కన పెడితే గ్యాస్ పోతుంది కాబట్టి గ్లాసుల్లోనే ఆగాలి. వంటకు వాడే ప్రోబ్ థర్మామీటర్ ఒకటి జేబులో ఉంచుకుంటే ఊహలతో పని లేదు.

రుచి చూసే పద్ధతి

అరగంట ముందు నుంచి కాఫీ, వక్కపొడి, చూయింగ్ గమ్, సిగరెట్ వద్దని చెప్పండి. సెంటు కొట్టుకోవడం, తలలో మల్లెపూలు ఆ సాయంత్రానికి మానుకోవాలి, పక్క కుర్చీవాళ్లకు కూడా వాసన తెలియకుండా పోతుంది. ఖాళీ కడుపుతో మాత్రం ఎవరూ రాకూడదు. రెండు ఇడ్లీలో, కాస్త పెరుగన్నమో తిని రమ్మనండి.

ఒక్కో బీరుకు పావుగంట. పోయగానే వాసన, ఎందుకంటే అది ముందుగా ఎగిరిపోతుంది. రెండు మూడు చిన్న పీల్పులు చాలు, పెద్దగా ఒక్కసారి పీలిస్తే ముక్కు అలిసిపోతుంది. తర్వాత రంగు, నురగ. తర్వాత గుక్కెడు నోట్లో తిప్పి మింగి, ముక్కుతో ఊపిరి వదలాలి. వైన్‌లా ఉమ్మేస్తే చివర్లో నిలిచే చేదు తెలియకుండా పోతుంది. మొదటి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా కాగితం మీద రాసుకోవాలి. ఒకరు అరటిపండు అనేస్తే మిగతా పదకొండుమందికీ అదే తగులుతుంది.

కాగితం మీద వాసన, రుచి, చివర మిగిలేది అని మూడు వరుసలు చాలు. బీజేసీపీ (బీరు న్యాయనిర్ణేతలకు శిక్షణ, గుర్తింపు ఇచ్చే సంస్థ) పద్ధతిలో జరిగే పోటీల్లో 50 మార్కులకు రుచికి 20, వాసనకు 12, చూడ్డానికి 3 ఇస్తారు. దేనికి ఎంత శ్రద్ధ పెట్టాలో చెప్పడానికి ఆ లెక్క పనికొస్తుంది గానీ, కొత్తవాళ్లతో మార్కులు వేయించకండి. వాదన అంతా అంకెల మీదికి పోతుంది.

తినడానికి

బీరుకూ బీరుకూ మధ్య చల్లనివి కాని మంచినీళ్లు, ఉప్పు లేని మరమరాలు. బెంగళూరులో కడ్లెపూరి ప్రతి సందులో దొరుకుతుంది, బిస్కెట్ల కన్నా ఇదే నయం. పబ్‌వాళ్లు అలవాటుగా పెట్టే ఉల్లిపాయల మసాలా పల్లీలు టేస్టింగ్ అయ్యేదాకా టేబుల్ మీదికి రాకూడదు. పచ్చి ఉల్లి ఘాటు అరగంట నిలుస్తుంది.

అసలు తిండి ఆరో బీరు తర్వాతే. మన ఆంధ్రా చిల్లీ చికెన్, గుంటూరు కారం వేపుళ్లతో ఐపీఏ తాగితే కారం, చేదు ఒకదాన్నొకటి రెచ్చగొట్టి నోరు మండిపోతుంది. వాటికి హెఫెవైజెన్ సరిజోడు. చేపల వేపుడుకు విట్, కబాబులకు యాంబర్, స్టౌట్‌కు పల్లీ చిక్కీ పెట్టి చూడండి.

తేడా కొడితే

వెన్న, బటర్‌స్కాచ్ వాసన వస్తే బీరు పూర్తిగా తయారవకుండానే ట్యాప్‌కు వచ్చి ఉండాలి, లేదా లైను మురికి. వినెగర్ పులుపు వస్తే లైన్లో బ్యాక్టీరియా చేరినట్టు. ఉడికిన మొక్కజొన్న వాసన కాచడంలో లోపం. తడి అట్టపెట్టె వాసన పాతబడ్డ సీసాది, ప్యాక్ చేసిన తేదీ చూడండి. ఆసుపత్రి కట్టు వాసన వచ్చిందంటే క్లోరిన్ మిగిలిపోయి ఉండొచ్చు. ఆకుపచ్చ, తెల్ల సీసాల్లోని కంపు వెలుతురు తగిలి హాప్ పదార్థాలు మారిపోవడం వల్ల, గోధుమరంగు సీసాలు వాడేది అందుకే. ముందు అదే బీరు మరో గ్లాసులో పోయించి చూడండి, చాలాసార్లు తప్పు గ్లాసుదే అని తేలుతుంది. మళ్లీ అలాగే ఉంటే బ్రూవర్‌ను పక్కకు పిలిచి చెప్పి, ఆ బీరు మార్పించుకోండి. దీనికోసమే ఏడో బీరు పేరొకటి ముందే అనుకుని ఉండాలి.

చివర్లో ఓపిక మిగిలితే ఒక పరీక్ష పెట్టొచ్చు. పిల్స్‌నర్, బ్లాండ్ లాంటి దగ్గరి జంట తీసుకుని మనిషికి మూడు గ్లాసులు, ఒక్కోదానిలో 30 మి.లీ. పోయించండి. రెండింటిలో ఒకటే బీరు, మూడోదానిలో వేరేది, ఆ వేరేది ఏదో కనిపెట్టాలి. గ్లాసుల అడుగున అంకెలు రాసి, వరుస ఒక్కొక్కరికి మార్చి ఇవ్వాలి. పోసే మనిషి ఆటలో ఉండకూడదు. గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతుమందికి జవాబు కుదురుతుంది కాబట్టి, పన్నెండుమందిలో కనీసం ఎనిమిదిమంది సరిగ్గా చెబితేనే తేడా నిజంగా తెలిసినట్టు లెక్క. జవాబులన్నీ కాగితం మీద తీసుకున్నాకే గ్లాసులు ఎత్తి అంకెలు చూపించండి.