పాత టిల్లర్‌కు మరో ఇంజిన్: చాసిస్‌ను కోయకుండా మార్చే పద్ధతి

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల వరి పండించే ఊళ్లలో పశువుల శాల పక్కనో, కళ్లం మూలనో పాత పవర్ టిల్లర్ ఒకటి పడి ఉండడం తరచుగా కనిపిస్తుంది. ఒకదానికి ఇంజిన్ బాగుండి గేర్‌బాక్సు అరిగిపోయి ఉంటుంది. మరొకదానికి గేర్‌బాక్సు గట్టిగా ఉండి, చలికాలంలో నీళ్లు తీయక తుప్పు పట్టిన ఇంజిన్ బ్లాకు పనికిరాకుండా పోయి ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి నడిచే బండిని ఒకదాన్ని నిలబెట్టాలన్న కోరిక పాత యంత్రాలను సేకరించే వారికి కలగడం సహజం. అమెరికాలో 1960ల నాటి కబ్ కేడెట్ వంటి గార్డెన్ ట్రాక్టర్లను సేకరించేవారు చేసే పని కూడా ఇదే. మన ప్రాంతంలో ఆ స్థానం టిల్లర్‌ది: బెంగళూరులో 1967లో ప్రారంభమైన వీఎస్‌టీ సంస్థ మిత్సుబిషి సహకారంతో తయారుచేసిన శక్తి, 1973లో ఏర్పడిన కేరళ ప్రభుత్వ సంస్థ కామ్కో కుబోటా నమూనాలో చేసిన టిల్లర్, ఆ తరువాత చైనా ఎస్195 అనే ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజిన్‌తో వచ్చిన బండ్లు.

టిల్లర్‌లో ఇంజిన్ శక్తి బెల్టుల ద్వారా క్లచ్ పుల్లీకి, అక్కడి నుంచి గేర్‌బాక్సుకు చేరుతుంది. ఇంజిన్ గేర్‌బాక్సుకు నేరుగా అతుక్కుని ఉండే పెద్ద ట్రాక్టర్ కంటే ఇక్కడ ఇంజిన్ మార్చడం సులువు కావడానికి కారణం ఇదే. అయితే ఆ సులువును చూసి తొందరపడి, గ్యాస్ కట్టర్‌తో చాసిస్ (బండి ఇనుప చట్రం) కోసి, కొత్త ఇంజిన్‌ను వెల్డింగ్‌తో అంటించిన బండ్లు చాలా చోట్ల కనిపిస్తాయి. సేకరించే వ్యక్తి అలా చేయకూడదని నా గట్టి అభిప్రాయం. అసలు ఇంజిన్‌కు విడిభాగాలు దొరికిన రోజున, స్పానర్లు తప్ప మరేమీ అవసరం లేకుండా దానిని తిరిగి బిగించగలిగేలా పని సాగాలి. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ నియమానికి లోబడే ఉంటుంది.

ఇంజిన్ విప్పకముందే కొలతలు తీసుకోవాలి, ఎందుకంటే విప్పిన తరువాత కొన్ని కొలతలు ఇక దొరకవు. ఇంజిన్ పుల్లీ మధ్య నుంచి క్లచ్ పుల్లీ మధ్యకు ఉన్న దూరం, రెండు పుల్లీల వ్యాసాలు, చాసిస్ అంచు నుంచి మొదటి బెల్టు గాడికి ఉన్న దూరం, ఇంజిన్ కాళ్ల బోల్టుల మధ్య దూరాలు, చాసిస్‌పై ఇంజిన్ ముందుకు వెనక్కు జరిగే పొడవాటి రంధ్రాల నిడివి, ఇవన్నీ కాగితం మీద బొమ్మ గీసి రాసుకోవాలి. పాత ఇంజిన్ తిరిగే స్థితిలో ఉంటే, లేదా చేత్తో హ్యాండిల్ తిప్పి చూస్తే, పుల్లీ ఏ వైపు తిరుగుతుందో తెలుస్తుంది. ఆ దిశను పుల్లీ మీద సుద్దముక్కతో బాణం గుర్తుగా గీయాలి. బెల్టు దిశను మార్చదు కాబట్టి, కొత్త ఇంజిన్ పుల్లీని అదే వైపు నుంచి చూసినప్పుడు అదే దిశలో తిరగాలి. లేకపోతే ముందు గేర్లన్నీ బండిని వెనక్కు నడిపిస్తాయి. ఇంజిన్‌ను అటు ఇటు తిప్పి పెడితే సరిపోతుందని కొందరు అంటారు. అలా తిప్పినప్పుడు దిశ మారేది నిజమే, కానీ పుల్లీ కూడా బండికి అవతలి వైపు వెళ్లిపోతుంది. దిశ కలవని ఇంజిన్‌ను ఆ బండికి ఎంచుకోకపోవడమే మంచిది.

ఇంజిన్ మార్పిడిలో అసలు లెక్క వేగానిది. హార్స్‌పవర్ గురించి ఎక్కువ మంది అడుగుతారు, కానీ గేర్‌బాక్సుకు తెలిసేది తనను ఎంత వేగంతో, ఎంత బలంతో తిప్పుతున్నారన్నదే. ఎస్195 ఇంజిన్ 95 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వ్యాసం), 115 మిల్లీమీటర్ల స్ట్రోకుతో (పిస్టన్ కదిలే దూరం) నిమిషానికి 2000 చుట్ల వద్ద 12 హార్స్‌పవర్ ఇస్తుంది. 2400 చుట్ల వద్ద 13 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్‌కు బదులు దీనిని బిగించి, అదే పుల్లీని ఉంచితే, ప్రతి గేరులోనూ బండి ఆరో వంతు నెమ్మదిగా నడుస్తుంది. రోటరీ కత్తులు కూడా అంతే నెమ్మదించి, దమ్ములో మట్టి సరిగా కలవదు. దీనికి సూత్రం చిన్నది: ఇంజిన్ వేగాన్ని ఇంజిన్ పుల్లీ వ్యాసంతో గుణించగా వచ్చే సంఖ్య మార్పుకు ముందూ తరువాతా ఒకటే ఉండాలి. 2400 చుట్ల ఇంజిన్‌కు 125 మిల్లీమీటర్ల పుల్లీ ఉందనుకుంటే గుణితం 3,00,000. 2000 చుట్ల ఇంజిన్‌తో అదే సంఖ్య రావాలంటే 150 మిల్లీమీటర్ల పుల్లీ కావాలి. ఇక్కడ వ్యాసం అంటే పుల్లీ వెలుపలి అంచు కొలత కాదు, బెల్టు గాడిలో కూర్చునే చోటి కొలత అని గుర్తుంచుకోవాలి. బీ సెక్షన్ (బీ కొలత) బెల్టుకు 125 మిల్లీమీటర్ల కంటే చిన్న పుల్లీ వాడితే బెల్టు మరీ ఎక్కువగా వంగి, లోపలి దారాలు త్వరగా తెగుతాయి. కాబట్టి ఎక్కువ వేగం గల ఇంజిన్‌ను పెట్టి చిన్న పుల్లీతో సరిపెట్టాలనుకునేవారు ముందుగా ఈ హద్దును చూసుకోవాలి.

పుల్లీ వ్యాసం 125 నుంచి 150కి పెరిగితే, బెల్టు పొడవు సుమారు 39 మిల్లీమీటర్లు, అంటే అంగుళంన్నర, ఎక్కువ కావాలి. ఇంజిన్‌ను వెనక్కు జరిపే చోటు ఉంటే పాత బెల్టులే సరిపోవచ్చు, లేకపోతే ఒకటి రెండు నంబర్లు పెద్దవి తీసుకోవాలి. బెల్టుపై బీ-60 అని రాసి ఉంటే లోపలి పొడవు 60 అంగుళాలని అర్థం. మూడు బెల్టులు ఉన్నచోట మూడింటినీ ఒకేసారి, ఒకే కంపెనీవి వేయాలి. సాగిన పాత బెల్టు పక్కన కొత్తది వేస్తే బరువంతా కొత్తదే మోసి ముందుగా అదే తెగుతుంది.

శక్తి విషయంలో నా సలహా ఒక్కటే. 12, 13 హార్స్‌పవర్ల మధ్య తేడాను పట్టించుకోనక్కర్లేదు, కానీ చైనా ఆర్175 వంటి ఆరు హార్స్‌పవర్ ఇంజిన్ కోసం చేసిన చిన్న టిల్లర్‌కు పన్నెండు హార్స్‌పవర్ ఇంజిన్ బిగించకూడదు. పొడి నేలలో అది బాగానే నడుస్తుంది. శ్రావణంలో లోతు మడిలో కేజ్ వీల్ (దమ్ముకు వేసే ఇనుప చక్రం) బురదలో ఇరుక్కున్నప్పుడు ఇంజిన్ ఆగదు, గేరు పళ్లే విరుగుతాయి. ఆ గేర్లు మళ్లీ దొరకడం కష్టం.

పుల్లీ బిగింపు లేత్ పని. ఇటువంటి ఇంజిన్లలో పుల్లీ సాధారణంగా ఫ్లైవీల్‌కు (ఇంజిన్ పక్కన తిరిగే బరువైన చక్రానికి) బోల్టులతో బిగించి ఉంటుంది, ఆ బోల్టుల వలయం కంపెనీని బట్టి మారుతుంది. పాత పుల్లీని కొత్త ఫ్లైవీల్‌కు నేరుగా బిగించడం కుదరకపోతే, మధ్యలో ఒక ఉక్కు రింగు చేయించాలి. ఆ రింగుకు ఫ్లైవీల్ వైపు, పుల్లీ వైపు కూడా మధ్య రంధ్రంలో కచ్చితంగా కూర్చునే గుండ్రటి మెట్టు ఉండాలని లేత్ మిస్త్రీకి స్పష్టంగా చెప్పాలి. బోల్టులు పుల్లీని పట్టి ఉంచుతాయే తప్ప కేంద్రంలో నిలపవు; ఆ పని మెట్టు చేస్తుంది. బిగించిన తరువాత సుద్దముక్కను పుల్లీ అంచుకు తాకీ తాకనట్టు కదలకుండా పట్టుకుని, డీకంప్రెషన్ లివర్ (సిలిండర్‌లో ఒత్తిడి లేకుండా చేసే మీట) ఎత్తి పుల్లీని నెమ్మదిగా చేత్తో తిప్పాలి. అంచు చుట్టూ సన్నని గీత ఒకే తీరుగా పడితే పుల్లీ కేంద్రంలో ఉన్నట్టే, ఒక వైపే పడితే రింగును తిరిగి లేత్‌కు పంపాలి. ఫ్లైవీల్ పోత ఇనుముతో చేసినది కాబట్టి దానిపై వెల్డింగ్ చేయడం గానీ, వేడి చేసి కొట్టడం గానీ ఎంతమాత్రం కూడదు. పైకి కనిపించని పగులు ఉన్న ఫ్లైవీల్ తిరుగుతూ పగిలితే మనిషి ప్రాణం తీయగలదు.

ఇక ఇంజిన్‌ను కూర్చోబెట్టే పని. ఎస్195 వంటి ఇంజిన్ 140 కిలోలకు అటూఇటూ బరువు ఉంటుంది. దానిని ఇద్దరు మనుషులు వెదురు కర్రతో ఎత్తడం కంటే చైన్ బ్లాక్‌తో గట్టి దూలానికి వేలాడదీసి దించడం క్షేమం. చాసిస్‌పై అసలు రంధ్రాలకు సరిపోయేలా రెండు ఛానల్ ముక్కలు తీసుకుని, వాటికే కొత్త ఇంజిన్ కాళ్లకు కావలసిన రంధ్రాలు వేయాలి. రంధ్రం పడేది ఛానల్‌కు మాత్రమే; చాసిస్ మీద డ్రిల్ బిట్ ఆనకూడదు. ఛానల్ వల్ల ఇంజిన్ ఎత్తు పెరుగుతుంది కాబట్టి, ఎత్తు పెరిగినా బెల్టులు గార్డుకు తగలకుండా ఉంటాయో లేదో అట్టముక్కతో నమూనా చేసి ముందే చూసుకోవాలి. బోల్టులు తలపై 8.8 అని గుర్తు ఉన్నవే వాడాలి. ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజిన్ కొట్టే కుదుపుకు మామూలు బోల్టులు సాగి వదులవుతాయి.

బెల్టుల వరుస సరిచూడడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు, ఒక గట్టి నైలాన్ దారం చాలు. క్లచ్ పుల్లీ వెలుపలి ముఖానికి ఆనించి దారాన్ని బిగువుగా లాగి, ఇంజిన్ పుల్లీ ముఖం దాకా తేవాలి. దారం క్లచ్ పుల్లీ రెండు అంచులకు, ఇంజిన్ పుల్లీ రెండు అంచులకు, అంటే నాలుగు చోట్ల, ఒకేసారి తగలాలి. ఒక పుల్లీ అంచు మరొకదాని కంటే మందంగా ఉంటే ముఖాన్ని నమ్మకుండా మొదటి గాడి నుంచి దారానికి దూరం కొలిచి పోల్చాలి. తేడా ఉంటే ఛానల్ కింద పలుచటి రేకు ముక్కలు పెట్టడమో, ఇంజిన్‌ను పక్కకు జరపడమో చేయాలి. ఈ పనిలో ఓపిక ఎంత పెడితే బెల్టులు అంత కాలం మన్నుతాయి. అర మీటరు దూరంలో నాలుగు మిల్లీమీటర్ల తేడాను బెల్టు ఓర్చుకుంటుందని లెక్క చెబుతుంది, అయినా ఒక మిల్లీమీటరు లోపు వచ్చేదాకా వదలకపోవడం మేలు. తరువాత ఇంజిన్‌ను జరిపి బెల్టులు బిగించాలి: రెండు పుల్లీల మధ్య అర మీటరు ఉంటే, బెల్టు నడుమ బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు సుమారు 8 మిల్లీమీటర్లు దిగాలి. మరీ బిగిస్తే క్రాంక్ బేరింగ్ మీద భారం పడుతుంది.

చాలామంది మరచిపోయేది బండి తూకం. టిల్లర్ ఇంజిన్ చక్రాలకు ముందు వేలాడుతుంది, నడిపేవాడి చేతులు వెనుక ఉంటాయి. పాత ఇంజిన్ ఉన్నప్పుడే హ్యాండిల్ చివర స్ప్రింగు కాటా తగిలించి, బండి సమంగా నిలిచేలా ఎత్తి, కాటా ఎన్ని కిలోలు చూపిందో రాసుకోవాలి. కొత్త ఇంజిన్ బిగించాక అదే విధంగా చూసినప్పుడు అంకె బాగా తగ్గితే ముక్కు బరువు ఎక్కువైందని అర్థం. అటువంటి బండి గట్టు దిగేటప్పుడు ముందుకు తూలుతుంది, మడి మూలలో తిప్పడం కష్టమవుతుంది. అంకె పెరిగితే ముందు భాగాన బంపర్‌కు బరువు బిళ్లలు కట్టి సరిచేయవచ్చు. ముక్కు బరువు తగ్గించడానికి వెనుక ఇనుము కట్టే కంటే ఇంజిన్‌ను ఎంత వీలైతే అంత వెనక్కు తెచ్చి, దానికి తగిన చిన్న బెల్టులు వేయడం నాకు నచ్చిన మార్గం.

యాక్సిలరేటర్ కేబుల్ తగిలించేటప్పుడు, కేబుల్ తెగితే స్ప్రింగు లివర్‌ను తక్కువ వేగానికే లాగేలా ఉండాలి. కొన్ని ఇంజిన్లలో లివర్ ఎదురు దిశలో పనిచేస్తుంది కనుక కేబుల్ మార్గం మార్చవలసి వస్తుంది. హాపర్ రకం (పైన తెరిచిన నీళ్ల తొట్టితో చల్లబడే) ఇంజిన్ అయితే నీళ్లు మరిగి ఆవిరి పోవడం సహజం, అది లోపం కాదు. గుర్తు చూపే ఎర్ర బంతి కిందికి దిగినప్పుడు నీళ్లు పోస్తే చాలు. ఆ ఆవిరి తగిలే చోట కేబుల్‌ను గానీ, డీజిల్ గొట్టాన్ని గానీ నడపకూడదు.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు పాత ఆయిల్ పూర్తిగా తీసి కొత్తది పోసి, బెల్టులు తీసేసి ఉంచాలి. డీజిల్ గొట్టంలో గాలిని ముందు ఫిల్టర్ దగ్గర, తరువాత పంపు దగ్గర, చివరగా నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) నట్టు దగ్గర తీయాలి. డీకంప్రెషన్ లివర్ ఎత్తి హ్యాండిల్ తిప్పుతుంటే నాజిల్ దగ్గర కిర్రుమనే చప్పుడు వినిపించాలి. హ్యాండిల్‌ను బొటనవేలు చుట్టకుండా, అయిదు వేళ్లూ ఒకే వైపు ఉంచి పట్టుకోవాలి, ఇంజిన్ ఎదురు తన్నితే చెయ్యి విరగకుండా కాపాడేది ఈ పట్టే. ఏళ్లుగా నిలిచి ఉన్న డీజిల్ పంపులో ర్యాక్ (డీజిల్ ఎంత వెళ్లాలో నియంత్రించే కడ్డీ) బిగుసుకుపోయి ఉంటే, ఇంజిన్ స్టార్ట్ కాగానే అదుపు లేని వేగానికి పోతుంది. అందువల్ల ఎయిర్ క్లీనర్ తీసేసి, గాలి ద్వారాన్ని పూర్తిగా మూయగల చదునైన చెక్కపలకను ఒక మనిషి చేతికిచ్చి పక్కన నిలబెట్టాలి. అటువంటి సమయంలో డీజిల్ కుళాయి కట్టడం వెంటనే ఫలితమివ్వదు, గాలి ఆపడం ఇస్తుంది. అరచేతితో మూయడానికి మాత్రం ఎవరూ ప్రయత్నించకూడదు.

ఇంజిన్ అరగంట సాఫీగా నడిచాక బెల్టులు వేసి, న్యూట్రల్‌లో మరికొంతసేపు నడిపి, తరువాత పొడి నేలలో తోలి చూడాలి. మొదటి గంట తరువాత అన్ని బోల్టులనూ మళ్లీ బిగించాలి, బెల్టులను కూడా సరిచేయాలి. ఉభాల (వరి నాట్ల) కాలం వచ్చే ముందే ఈ పరీక్షలు పూర్తి కావాలి, బురదలో దిగిన తరువాత బిగింపు లోపాలు వెతకడం సాధ్యం కాదు. బండికి ఆర్‌సీ ఉంటే, ఇంజిన్ నంబరు మారినట్టు రవాణా కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి, పాత నంబరు పలకను తీసి కొత్త ఇంజిన్‌కు బిగించడం చట్టవిరుద్ధం.

తీసిన అసలు ఇంజిన్‌ను పక్కన పడేయకూడదు. నీళ్లన్నీ వంపి, నాజిల్ రంధ్రం గుండా సిలిండర్‌లో కొద్దిగా ఆయిల్ పోసి రెండు చుట్లు తిప్పి, గాలి ద్వారాన్నీ సైలెన్సర్ రంధ్రాన్నీ గుడ్డతో మూసి, నేల తడి తగలకుండా చెక్క దిమ్మెల మీద ఉంచాలి. దాని పుల్లీ, బోల్టులు, పాత బెల్టుల నంబర్లు, మొదట రాసుకున్న కొలతల కాగితం నకలు ఒక సంచిలో వేసి ఆ ఇంజిన్‌కే కట్టాలి.