చందా లేకుండా వ్యాసాలు దాచుకున్నాను

అరకు రైలు సొరంగాల్లోకి వెళ్లగానే సిగ్నల్ పోయింది. చదువుదామని ఒక యాప్‌లో దాచుకున్న వ్యాసం ఒక్కటీ తెరుచుకోలేదు. ఆఫ్‌లైన్‌లో చదవాలంటే నెలనెలా చందా కట్టాలంది ఆ యాప్. ఏరి దాచుకున్నవాటికి అద్దె కట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఇంటికి వచ్చాక ముందు పీడీఎఫ్‌లుగా దాచి చూశాను. వెతికితే తెలుగు ఒత్తులు చెదిరిపోయి మాట దొరికేది కాదు. అప్పుడు కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు సింగిల్‌ఫైల్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్) జోడించాను. దాని గుర్తు మీద నొక్కితే పేజీ మొత్తం, బొమ్మలతో సహా, ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దిగుతుంది. ‘కృష్ణా’ అని వెతికితే నేరుగా ఆ వాక్యం దగ్గరికే వెళుతోంది, ఎంత హాయిగా ఉందో! పొడవైన పేజీలను మాత్రం చివరిదాకా కిందికి జరిపి, బొమ్మలన్నీ కనిపించాకే దాచాలి.

ఫైళ్లను కేబుల్‌తో ఫోన్‌లోకి ఎక్కించి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి చూశాను. అన్నీ తెరుచుకున్నాయి.