ఇంట్లో ఎయిర్ రైఫిల్ సంరక్షణ – 3వ పాఠం: ఉప్పుగాలి, బారెల్, స్క్రూలు

పోయిన పాఠంలో భాగాల పేర్లు తెలుసుకున్నాం. ఈసారి గుడ్డ, నూనె చేతికి తీసుకుందాం. మన పాఠాలన్నీ పది మీటర్ల పోటీలో వాడే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్ గురించే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచింది ఈ పోటీలోనే.

ఏ పని మొదలుపెట్టినా ముందు బోల్టు (పెల్లెట్ పెట్టే చోటి మూత) తెరిచి, టార్చి వేసి, లోపల పెల్లెట్, అంటే చిన్న సీసపు గుండు, లేదని కళ్లారా చూడండి. గాలి నింపే సిలిండర్ ఉన్న రైఫిల్ అయితే కంపెనీ పుస్తకంలో చెప్పినట్టు దాన్ని విప్పి పక్కన పెట్టండి. ఖాళీదే అని తెలిసినా గొట్టం (బారెల్) మనుషుల వైపు తిప్పొద్దు.

విశాఖలో రైఫిల్‌కి పెద్ద శత్రువు వాడకం కాదు, గాలి. ఎంవీపీ కాలనీలోనో లాసన్స్ బే కాలనీలోనో ఉండేవాళ్లకి కిటికీ ఊచల సంగతి నేను చెప్పక్కర్లేదు. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుము మీద వాలితే ఊరుకోదు, గాలిలోని తేమను లాక్కుని అక్కడే నిలబెడుతుంది. అందుకే ఎండ కాసిన రోజు కూడా తుప్పు పని చేస్తూనే ఉంటుంది.

ఒక వానాకాలం పరీక్షల వల్ల ఆరు వారాలు నేను పెట్టె తెరవలేదు. తెరిచేసరికి బారెల్ మీద నాలుగు నారింజరంగు మచ్చలు, నా వేళ్లు పట్టుకున్న చోటే, వేలిముద్ర గీతలతో సహా. చెమటలో ఉన్న ఉప్పు ఒకటి, పెట్టెలోని స్పాంజి పీల్చుకున్న తేమ ఒకటి. అప్పటినుంచి నా రైఫిల్ ఇంట్లో ఉన్నన్నాళ్లూ స్పాంజి పెట్టెలో పడుకోదు. ప్రయాణానికే ఆ పెట్టె. ఇంట్లో పాత నూలు దుప్పటి చుట్టి, తాళం వేసిన బీరువాలో, పక్కన తేమ పీల్చే సిలికా జెల్ సంచులతో ఉంటుంది.

తుడవడంలో వరస ముఖ్యం. చాలామంది నేరుగా నూనె రాసేస్తారు. అలా చేస్తే ఉప్పుని నూనె కింద దాచిపెట్టినట్టే. ముందు మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో బయటి ఇనుప భాగాలు తుడవండి. వెంటనే పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను కింద పది నిమిషాలు ఆరనివ్వండి. ఆ తర్వాత కుట్టుమిషను నూనె రెండు చుక్కలు గుడ్డకి రాసి, ఆ గుడ్డతో పైపైన ఒక్క పూత. వేలితో తాకితే జిడ్డు అంటీ అంటనట్టుండాలి. ఇంట్లో చేతికందుతుందని కొబ్బరినూనె వాడొద్దు, చల్లబడితే గడ్డకడుతుంది.

ఈ నూనె బయటికే. గాలి బిగించి ఉండే సీళ్ల దగ్గరికి, బారెల్ లోపలికి ఒక్క చుక్క కూడా పోకూడదు. పోటీ రైఫిల్ సిలిండర్‌లో గాలి మామూలుగా 200 బార్ దాకా ఉంటుంది. అంత ఒత్తిడిలో మామూలు నూనె అంటుకుని మండే ప్రమాదం ఉంది, రబ్బరు వాషర్లనూ పాడుచేస్తుంది. కంపెనీ చెప్పిన సిలికాన్ గ్రీజు తప్ప అక్కడ ఇంకేదీ వద్దు. వాల్వు విప్పడం ఇంటి పని కాదు. సిలిండర్ మీద చెక్కిన తయారీ తేదీ చూసి నోటు పుస్తకంలో రాసుకోండి. గడువు దాటినదాన్ని నింపకూడదు.

ఇక బారెల్. ఇందులో మందుగుండు కాలదు, మసి ఉండదు. మిగిలేది పెల్లెట్ నుంచి ఊడిన కాస్త సీసం. కాబట్టి రోజూ తోమక్కర్లేదు. గ్రూపు (గురి కార్డు మీద పడ్డ రంధ్రాల గుంపు) విచ్చుకుంటోందనిపించినప్పుడు చేస్తే చాలు. ఇనుప కడ్డీ గొట్టం మూతి నుంచి దూర్చొద్దు, మూతి అంచు గీసుకుపోతే మరి గురి కుదరదు. చేపలు పట్టే నైలాను దారం మన ఊళ్లో సులువుగా దొరుకుతుంది. దాన్ని మడతపెట్టి, మడత కొసను మూతి నుంచి లోపలికి తోస్తూ పెల్లెట్ పెట్టే చోట బయటికి రప్పించండి. ఆ మడతలో పాత బనీను ముక్క, బొటనవేలి గోరంత, దూర్చి మూతి వైపుకి తిన్నగా, ఆపకుండా లాగండి. మొదటి ముక్క బూడిదరంగులో వస్తుంది. తెల్లగా వచ్చేదాకా ముక్కలు మార్చండి. లాగడం మొదలుపెట్టగానే బరువుగా అనిపిస్తే గుడ్డ పెద్దదైందన్నమాట. బలవంతం చేయకుండా వెనక్కి తీసి చిన్నది పెట్టండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి, సీసం విషం. అన్నం తినే బల్ల మీద ఈ పని వద్దు.

శుభ్రం చేసిన వెంటనే కొట్టిన పెల్లెట్లు కొంచెం చెదురుతాయి. పలచటి సీసపు పొర మళ్లీ ఏర్పడ్డాకే బారెల్ కుదురుకుంటుంది. పోటీ ముందురోజు బారెల్ జోలికి వెళ్లొద్దని అందుకే అంటున్నాను.

స్క్రూల విషయం చిన్నదే గానీ గురిని ఎక్కువగా తప్పించేది అదే. చెక్క స్టాక్ (భుజానికి ఆనించే భాగం) వానాకాలంలో ఉబ్బుతుంది, చలికాలంలో కుంచించుకుంటుంది. స్టాక్ స్క్రూ పావు చుట్టు వదులైనా గ్రూపు పక్కకి జరుగుతుంది. మనం సైట్ (గురి చూసే భాగం) తప్పనుకుని దాని సర్దుబాటు క్లిక్కులు తిప్పేస్తాం. సరిగ్గా బిగించాక స్క్రూ తల మీదుగా లోహం దాకా తెల్ల పెన్సిలుతో సన్నని గీత గీయండి. గీత విరిగి కనిపిస్తే స్క్రూ కదిలినట్టే.

కార్డు మీద పదో వలయం అర మిల్లీమీటరు చుక్క. కాబట్టి తేడా ఎక్కడిదో కార్డునే అడగాలి. గ్రూపు బిగువుగానే ఉండి చోటు మారితే స్క్రూలూ సైటూ చూడండి. నలువైపులా విచ్చుకుంటే పెల్లెట్లూ బారెలూ చూడండి. ఒకసారి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఏది పని చేసిందో తెలియదు.

ఈ వారం పని: రైఫిల్‌ని బల్ల మీద ఆనించి, శుభ్రం చేయకముందు ఐదేసి పెల్లెట్లతో మూడు కార్డులు, చేశాక లెక్కలోకి తీసుకోకుండా ఇరవై పెల్లెట్లు కొట్టేసి మరో మూడు కార్డులు కొట్టండి. ప్రతి కార్డు వెనక తేదీ, ఆ రోజు వానో ఎండో రాయండి. వచ్చే పాఠంలో ట్రిగ్గర్ బరువు మొదలుపెట్టేది ఆ ఆరు కార్డులు ముందు పెట్టుకునే.