లాగిన్ అవగానే వాటంతటవే తెరుచుకునే యాప్‌లను ఆపడం ఎలా?

పాస్‌వర్డ్ కొట్టగానే మీరు పిలవని మ్యూజిక్ యాప్, మీటింగ్ యాప్, గేమ్ లాంచర్, వీటన్నిటి వెనక ప్రకటనల పేజీతో బ్రౌజర్. ఇలా జరిగితే చాలామంది ఎవరో చెప్పిన క్లీనర్ ఒకటి వేస్తారు, లేదంటే విండోస్ మొత్తం ఫార్మాట్ కొట్టించేస్తారు. ఫార్మాట్ అంటే ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే. క్లీనర్ సంగతి ఇంకా విచిత్రం. స్టార్టప్ జాబితా, అంటే లాగిన్ అవగానే తెరుచుకునేవాటి జాబితా తగ్గిస్తానని వచ్చి, ముందు తనే ఆ జాబితాలో చేరి కూర్చుంటుంది. ఈ పనికి డబ్బులు పెట్టి ఏదీ కొనక్కర్లేదు. కింద చెప్పేది విండోస్ 10, 11లకు.

ముందుగా రెండు నియమాలు. ఒకసారికి ఒక్కటే ఆపాలి, ఆపి రీస్టార్ట్ చేసి చూడాలి. రీస్టార్ట్ అన్నాను, షట్‌డౌన్ అనలేదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్న మెషీన్‌లో షట్‌డౌన్ కొట్టినా విండోస్ కెర్నల్, అంటే దాని మూల భాగం, పూర్తిగా ఆగదు. తన స్థితిని డిస్క్‌లో దాచుకుని, మళ్లీ ఆన్ చేసినప్పుడు అక్కడి నుంచే లేస్తుంది. రీస్టార్ట్‌లో అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి. ఈ తేడా తెలియక "ఆపినా ఆగలేదు" అని టెన్షన్ పడేవాళ్లు ఎక్కువ.

1. తెరుచుకునేవి పాతవేనా చూడండి

రీస్టార్ట్ చేసే ముందు వాడుతున్న యాప్‌లే మళ్లీ వస్తున్నాయా? అయితే అది విండోస్ చేస్తున్న పని. 2017లో వచ్చిన ఫాల్ క్రియేటర్స్ అప్‌డేట్ నుంచి ఈ అలవాటు మొదలైంది. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో సైన్ ఇన్ ఆప్షన్స్‌కి వెళ్లండి. యాప్‌లను గుర్తుపెట్టుకుని తిరిగి సైన్ ఇన్ అయినప్పుడు తెరిచే స్విచ్ ఒకటి ఉంటుంది. ఆఫ్ చేయండి.

2. ఆ యాప్‌కే చెప్పండి

అందరూ దాటేసే మెట్టు ఇది. చాటింగ్, మీటింగ్, క్లౌడ్ స్టోరేజీ యాప్‌లలో చాలావాటికి వాటి సెట్టింగ్స్‌లోనే "కంప్యూటర్ ఆన్ అవగానే తెరువు" అనే టిక్కు ఉంటుంది. ముందు అది తీసేయండి. బయటి నుంచి మాత్రమే ఆపితే కొన్ని యాప్‌లు అప్‌డేట్ అయినప్పుడు తమ పేరు మళ్లీ ఎక్కించుకుంటాయి. బ్రౌజర్లదీ ఇదే తీరు. క్రోమ్‌లో, మూసేసిన తర్వాత కూడా బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లు నడిపే ఆప్షన్ ఉంటుంది. ఎడ్జ్‌లో స్టార్టప్ బూస్ట్ ఉంటుంది. రెండూ సిస్టమ్ సెక్షన్‌లోనే దొరుకుతాయి.

3. టాస్క్ మేనేజర్

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి స్టార్టప్ ట్యాబ్‌కి వెళ్లండి. అక్కర్లేని దాని మీద రైట్ క్లిక్, డిసేబుల్. సెట్టింగ్స్‌లోనూ ఇదే జాబితా ఉంది కానీ అక్కడ చేయకండి. టాస్క్ మేనేజర్‌లో రైట్ క్లిక్ చేస్తే ఆ ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో తెరిచి చూసుకోవచ్చు. ఊరూపేరూ లేని పేరు కనిపించినప్పుడు ఆ ఫోల్డరే దాని జాతకం చెప్తుంది.

పాత వీడియోలు చూసి ఎమ్మెస్‌కాన్ఫిగ్ (విండోస్‌లోని సిస్టమ్ కాన్ఫిగరేషన్ టూల్) తెరిచేవాళ్లు ఇంకా ఉన్నారు. విండోస్ 8 నుంచి స్టార్టప్ జాబితా అక్కడ లేదు, టాస్క్ మేనేజర్‌కి దారి చూపించి ఊరుకుంటుంది. అది కనబడక పక్కనున్న సర్వీసెస్ ట్యాబ్‌లో "డిసేబుల్ ఆల్" కొట్టేసి, ఆ తర్వాత పిన్‌తో లాగిన్ అవడమే కుదరక కూర్చునేవాళ్లూ ఉన్నారు.

వేటిని ఆపకూడదు? విండోస్ సెక్యూరిటీ, సౌండ్, టచ్‌ప్యాడ్‌లకు సంబంధించినవి వదిలేయండి. డీటీపీ చేసేవాళ్లయితే తెలుగు టైపింగ్‌కి వాడే స్క్రిప్ట్ మేనేజర్, జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లయితే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ సాఫ్ట్‌వేర్ ఈ జాబితాలో ఉండొచ్చు. వాటిని ఆపేసి, "కీబోర్డు తెలుగు కొట్టడం లేదు", "టోకెన్ పాడైంది" అని మెషీన్ మోసుకుని షాపుకి వెళ్లకండి.

4. స్టార్టప్ ఫోల్డర్

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఇంగ్లిష్‌లో షెల్, కోలన్, స్టార్టప్ అని ఖాళీ వదలకుండా టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఫోల్డర్‌లో అక్కర్లేని షార్ట్‌కట్ ఉంటే డెస్క్‌టాప్ మీదకి లాగేయండి.

5. అప్పటికీ ఆగకపోతే

చాలామందికి సమస్య ఇక్కడిలోపే తీరిపోతుంది. తీరకపోతే, ముఖ్యంగా లాగిన్ అవగానే బ్రౌజర్ ఏదో తెలియని సైటుతో తెరుచుకుంటుంటే, లేదా నల్లటి కమాండ్ విండో మెరిసి మాయమవుతుంటే, దాన్ని తెరిచేది టాస్క్ షెడ్యూలర్‌లోనో (చెప్పిన సమయానికి పనులు మొదలుపెట్టే విండోస్ టూల్) రిజిస్ట్రీలోనో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) ఉంటుంది. ఇక్కడి నుంచి నెమ్మదిగా చదవండి. తొందరుంటే ఈ పని రేపు పెట్టుకోండి.

రిజిస్ట్రీ ఎడిటర్ తెరవకండి. అందులో అన్‌డూ లేదు, డిలీట్ అంటే డిలీటే. దాని బదులు ఆటోరన్స్ వాడాలి. సిస్ఇంటర్నల్స్ పేరుతో వచ్చే ఉచిత టూల్ ఇది. 2006లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనేసింది కాబట్టి మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించుకోండి. సెర్చ్‌లో పైన కనబడే డౌన్‌లోడ్ సైట్ల నుంచి దించుకుంటే ఈసారి రెండు అనవసర యాప్‌లు తెరుచుకుంటాయి.

తెరిచే ముందు ఒక రిస్టోర్ పాయింట్ పెట్టండి, తేడా వస్తే విండోస్ సెట్టింగ్స్‌ను ఇప్పటి స్థితికి వెనక్కి తెచ్చుకోవడానికి. తర్వాత ఆటోరన్స్‌ను రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచి, ఆప్షన్స్ మెనూలో మైక్రోసాఫ్ట్ ఎంట్రీలను దాచే టిక్కు పెట్టండి. ఈ టిక్కు పెట్టకుండా జాబితాలో ఒక్క గీత (ఒక్కో ఎంట్రీ ఉండే వరస) కూడా ముట్టుకోవద్దు.

ఇప్పుడు చూడాల్సినవి రెండే ట్యాబ్‌లు: లాగాన్, షెడ్యూల్డ్ టాస్క్స్. సర్వీసెస్, డ్రైవర్స్ ట్యాబ్‌ల జోలికి పోవద్దు. అక్కడ తప్పు టిక్కు తీస్తే విండోస్ లేవకపోవచ్చు. మీసేవ, బ్యాంకింగ్ పనులు చేసే కంప్యూటర్లలో ఆధార్ వేలిముద్ర పరికరానికి కావలసిన ఆర్‌డీ సర్వీస్ కూడా ఆ వరసలోనే ఉంటుంది. లాగాన్ ట్యాబ్‌లోనే విన్‌లాగాన్ అనే చోట ఉండేవి ఇంకా ప్రమాదం, కనబడినా ముట్టుకోవద్దు. షెల్, యూజర్‌ఇనిట్ అనే రెండు విలువల మీదే లాగిన్ మొత్తం నిలబడి ఉంటుంది. మొదటిది చెడితే లాగిన్ తర్వాత నల్ల తెర, రెండోది చెడితే లాగిన్ అయిన మరుక్షణం లాగౌట్.

రంగులు చూసి కంగారుపడకండి. పసుపు గీత అంటే ఆ ఫైల్ ఇప్పుడు అక్కడ లేదని, ఎప్పుడో అన్‌ఇన్‌స్టాల్ చేసిన దాని మిగులు కావచ్చు. గులాబీ అంటే తయారీదారు వివరాలో డిజిటల్ సంతకమో లేదని. గులాబీ కనబడగానే వైరస్ అనుకోవద్దు, చిన్న సంస్థలు రాసిన మంచి సాఫ్ట్‌వేర్ కూడా అలాగే కనిపిస్తుంది. మీరు వెతకాల్సింది వేరే. కమాండ్ ప్రాంప్ట్‌నో, పవర్‌షెల్‌నో, ఎక్స్‌ప్లోరర్‌నో పిలిచి దాని పక్కనే వెబ్‌సైట్ అడ్రస్ ఉన్న గీత. అర్థంలేని అక్షరాల పేరుతో టెంప్ ఫోల్డర్‌లోంచి నడిచే గీత. దొరికితే ఎడమవైపు టిక్కు తీయండి, అంతే. డిలీట్ చేయొద్దు. టిక్కు తీస్తే ఎంట్రీ పక్కకి జరుగుతుంది, తప్పనిపిస్తే మళ్లీ టిక్కు పెట్టుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ టిక్కు వల్ల ఇలాంటిది దాగిపోయిందని అనుమానమొస్తే, విండోస్‌లోని టాస్క్ షెడ్యూలర్ తెరిచి లైబ్రరీలో ఉన్నవాటి ట్రిగ్గర్స్ (ఎప్పుడు మొదలవుతుంది), యాక్షన్స్ (ఏం చేస్తుంది) చదవండి. దాని లోపలున్న మైక్రోసాఫ్ట్ ఫోల్డర్‌ను తెరవకండి.

ఏదైనా తేడా కొట్టి లాగిన్ కుదరకపోతే, లాగిన్ తెర మీద పవర్ బటన్ నొక్కి, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొట్టండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ దారిలో స్టార్టప్ సెట్టింగ్స్‌కి వెళ్లి రీస్టార్ట్ నొక్కితే, 4 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్లొచ్చు. అక్కడ ఆటోరన్స్ తెరిచి తీసిన టిక్కు తిరిగి పెట్టేయండి.

టిక్కు తీసినా మర్నాటికి అదే ఎంట్రీ మళ్లీ వచ్చిందంటే దాన్ని తిరిగి పెట్టేది ఇంకొకటి లోపల నడుస్తోందన్నమాట. అప్పుడు విండోస్ సెక్యూరిటీలోని స్కాన్ ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. మెషీన్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే వెతుకుతుంది, సుమారు 15 నిమిషాలు పడుతుంది. తెరిచి ఉన్న ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మాత్రం ఈ ఐదో మెట్టు ఎక్కవద్దు. అక్కడ కొన్ని యాప్‌లను కంపెనీయే పాలసీతో తెరిపిస్తుంది, మీరు ఆపినా తిరిగి వస్తాయి. ఐటీ వాళ్లకి టికెట్ పెట్టండి.