సర్వీస్ లేవడం లేదా? ముందు ఆ నంబర్ చూడండి

లినక్స్‌లో సర్వీస్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్) లేవకపోతే చాలామంది రీస్టార్ట్ మీద రీస్టార్ట్ కొడతారు. 10 సెకన్లలో 5 సార్లు దాటితే, సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ ఇక ప్రయత్నించడమే మానేస్తుంది. అసలు ఎర్రర్ పైకెక్కడికో పోయి, 'స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ' అన్న మాటే కళ్లముందు మిగులుతుంది. అక్కడిదాకా వచ్చుంటే సిస్టమ్‌సీటీఎల్ (సిస్టమ్‌డీకి ఆదేశాలిచ్చే కమాండ్) రీసెట్-ఫెయిల్డ్ కొట్టి, ఒక్కసారే స్టార్ట్ చేసి, సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ చూడండి.

అందులో 'స్టేటస్' పక్కన ఒక నంబర్ ఉంటుంది. 217 అయితే యూనిట్ ఫైల్లో (సర్వీస్ ఎలా నడవాలో చెప్పే ఫైల్) రాసిన యూజర్ ఆ మెషీన్‌లో లేడు. 200 అయితే వర్కింగ్ డైరెక్టరీ తేడా. 203 అయితే ప్రోగ్రామ్ ఫైల్ దొరకలేదు, లేదా దానికి ఎగ్జిక్యూట్ పర్మిషన్ లేదు, లేదా స్క్రిప్ట్ మొదటి లైన్లో ఉన్న ఇంటర్‌ప్రెటర్ (స్క్రిప్ట్‌ని నడిపే ప్రోగ్రామ్) లేదు. ఈ మూడోది తొందరగా తట్టదు: ఫైల్ ఎదురుగానే ఉంటుంది, అయినా 'నో సచ్ ఫైల్' అంటుంది.

127 వస్తే రెండే అనుమానాలు: షెల్ స్క్రిప్ట్‌లో కమాండ్ దొరకలేదు, లేదా షేర్డ్ లైబ్రరీ (చాలా ప్రోగ్రామ్‌లు కలిసి వాడే కోడ్ ఫైల్) లేదు. ఉబుంటు 20.04 నుంచి 22.04కి మారాక పాత ప్రోగ్రామ్‌లకు వచ్చే జబ్బు ఈ రెండోదే. 22.04లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) 3 ఉంటుంది, ప్రోగ్రామేమో దాని పాత వెర్షన్‌లోని లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 కావాలంటుంది. జర్నల్‌లో (సిస్టమ్‌డీ లాగ్) మొదట దొరకని లైబ్రరీ పేరొక్కటే పడుతుంది. ఏ లైబ్రరీలు కావాలో చూపే ఎల్‌డీడీ కమాండ్‌కి ప్రోగ్రామ్ పూర్తి పాత్ ఇస్తే 'నాట్ ఫౌండ్' అని అన్నీ ఒకేసారి బయటపడతాయి. ఇక్కడ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌దే అయిన లిబ్‌క్రిప్టో కూడా కనిపిస్తుంది. ఎక్కడివో తెలియని ఫైళ్ల మీద మాత్రం ఎల్‌డీడీ నడపకండి, అది ఆ ఫైల్‌లోని కోడ్‌ని నడిపే ప్రమాదం ఉంది.

కొత్త లైబ్రరీకి పాత పేరుతో సిమ్‌లింక్ (మరో ఫైల్‌కి దారి చూపే పేరు) పెట్టడం మాత్రం వద్దు. లోపల సింబల్ (ఫంక్షన్ పేర్ల) వెర్షన్లు కలవవు, ఎర్రర్ మాట మారుతుందంతే. ప్రోగ్రామ్‌ని 22.04 మీద మళ్లీ బిల్డ్ చేయాలి, లేదా దానికోసం చేసిన ప్యాకేజీ తెచ్చుకోవాలి. పాత 1.1 ప్యాకేజీ తెచ్చి వేస్తే పని నడుస్తుంది కానీ, 1.1.1కి మామూలు సపోర్ట్ 2023 సెప్టెంబర్‌తోనే అయిపోయింది.

'చేత్తో నడిపితే నడుస్తోంది, సర్వీస్‌గా నడవట్లేదు' అంటే బాష్‌ఆర్‌సీ (టెర్మినల్ తెరిచినప్పుడు షెల్ చదివే ఫైల్) చూడండి. ఎల్‌డీ లైబ్రరీ పాత్ (లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే వేరియబుల్) అక్కడ పెట్టుంటారు. సిస్టమ్‌డీ ఆ ఫైల్ చదవదు. లైబ్రరీ ఆప్ట్ ఫోల్డర్‌లో ఉంటే, ఈటీసీ కింద ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్.డీ ఫోల్డర్‌లో ఒక కాన్ఫ్ ఫైల్ పెట్టి, అందులో ఆ పాత్ ఒక్క లైన్ రాసి, ఎల్‌డీకాన్ఫిగ్ (లైబ్రరీల జాబితాను తాజా చేసే కమాండ్) నడపండి. ఆ ఒక్క సర్వీస్‌కే కావాలంటే సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో అదే వేరియబుల్‌ని ఎన్విరాన్‌మెంట్ లైన్‌గా చేర్చండి. యూనిట్ ఫైల్‌ని నేరుగా మార్చితే సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీలోడ్ (యూనిట్ ఫైళ్లను మళ్లీ చదివించేది) మరవకండి.

నంబరేమీ లేకుండా 'డిపెండెన్సీ' అని ఉంటే, మీ సర్వీస్‌లో తప్పు వెతకడం దండగ. మీ సర్వీస్ ఆధారపడ్డ యూనిట్ (మరో సర్వీస్ లాంటిది) పడిపోయింది. సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-డిపెండెన్సీస్‌లో ఎర్ర చుక్క ఉన్నదాని లాగ్ చదవండి. యూనిట్ ఫైల్లో రిక్వైర్స్ ('ఇది తప్పనిసరి' అనే లైన్) ఒక్కటే రాస్తే వరుస కుదరదు, రెండూ ఒకేసారి మొదలవుతాయి. ఆఫ్టర్ ('దాని తర్వాతే' అనే లైన్) కూడా రాయాలి. పేరు కూడా సరిచూడండి: రెడ్ హ్యాట్‌లో హెచ్‌టీటీపీడీ అనే సర్వీస్ ఉబుంటులో అపాచీ2. లేని పేరును రిక్వైర్స్‌లో రాస్తే 'నాట్ ఫౌండ్' అని మొహం మీదే చెబుతుంది, వాంట్స్‌లో ('ఉంటే మంచిది' అనే లైన్) రాస్తే కిక్కురుమనకుండా దాటేస్తుంది.